ఒక్క హిట్, ఒక్క రన్: 1965 డాడ్జర్స్ - కబ్స్ స్కోరు షీటు లెక్క తేలడం లేదు

గళ్లకాగితం

సాఫ్ట్‌బాల్ స్కోరింగ్ నేర్చుకుంటున్న కాలేజీ పిల్లలకు ఇక్కడ హైదరాబాద్‌లో ఒక అభ్యాసం ఇవ్వాలి. పాత బేస్‌బాల్ మ్యాచ్ ఒకటి తీసుకుని, బాక్స్ స్కోరు (ఎవరెంత ఆడారో చూపే పట్టిక) అంకెలూ నాలుగు వాక్యాల సారాంశమూ మాత్రమే చేతికిచ్చి, షీటు మొత్తం వాళ్లచేత నింపించాలని ఆలోచన. పరుగులు తక్కువుంటే పని సులువని 1965 సెప్టెంబర్ 9, లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ మీద షికాగో కబ్స్ ఆడిన మ్యాచ్ ఎంచుకున్నాను. డాడ్జర్స్ పిచ్చర్ శాండీ కోఫాక్స్ పర్‌ఫెక్ట్ గేమ్ (ఎదుటి జట్టులో ఒక్కడూ బేస్ ఎక్కని మ్యాచ్) అదే. స్కోరు 1-0. రెండు జట్లకూ కలిపి ఒక్కటే హిట్ (బంతి కొట్టి క్షేమంగా బేస్ చేరడం).

పిల్లలకు ఇవ్వబోయే సమాచారం ఇంతే. కబ్స్ బ్యాటర్లు 27 మంది వచ్చి 27 మందీ అవుట్, అందులో స్ట్రయికౌట్లు (మూడు స్ట్రయిక్‌లతో అవుట్) 14. డాడ్జర్స్ తరఫున 5వ ఇన్నింగ్స్‌లో లూ జాన్సన్ వాక్‌తో (పిచ్చర్ నాలుగు చెడ్డ బంతులు వేస్తే దక్కే బేస్) ఫస్ట్‌కి వెళ్లాడు, రాన్ ఫెయిర్లీ బంట్ చేసి (బ్యాట్ ఊపకుండా బంతిని మెల్లగా తాకించి, తాను అవుటై) అతన్ని సెకండ్‌కి చేర్చాడు, జాన్సన్ థర్డ్ దొంగిలిస్తుంటే (పిచ్చర్ బంతి వేస్తుండగానే అటు పరుగెత్తుతుంటే) క్యాచర్ క్రిస్ క్రగ్ విసిరిన బంతి లెఫ్ట్ ఫీల్డ్‌లోకి పోయింది, జాన్సన్ హోమ్‌కి వచ్చేశాడు. 7వ ఇన్నింగ్స్‌లో అదే జాన్సన్ డబుల్ (సెకండ్ దాకా చేర్చే హిట్) కొట్టాడు. కబ్స్ పిచ్చర్ బాబ్ హెండ్లీ.

నా షీటులో తేడా కొడుతున్నవి:

డాడ్జర్స్ ఎట్-బ్యాట్‌లు నాకు 26 వస్తున్నాయి, బాక్స్ స్కోరులో 24.

హెండ్లీ ఎర్న్‌డ్ రన్స్ నేను 1 రాశాను, అక్కడ 0. వాక్ ఇచ్చింది పిచ్చరే కదా, మరి ఆ రన్ అతని ఖాతాలో ఎందుకు పడదు?

ఇంకోటి. కోఫాక్స్ రెండుసార్లే బ్యాటింగ్‌కి వచ్చినట్టుంది, మిగతా ఎనిమిది మందీ మూడేసి సార్లు వచ్చారు. అచ్చుతప్పా?

థర్డ్ దొంగిలించడం, క్యాచర్ ఎర్రర్ (ఫీల్డింగ్ తప్పు), రన్... ఈ మూడూ ఒకే గడిలో ఎలా రాయాలో కూడా చెప్పండి.

సికింద్రాబాద్ షార్ట్‌స్టాప్

అచ్చుతప్పు కాదండి. మీరు ఎంచుకున్న మ్యాచ్ ఈ అభ్యాసానికి ఎంత బాగా కుదురుతుందో మీకే ఇంకా తెలిసినట్టు లేదు. బాల్ బై బాల్ అక్కర్లేకుండా, ఎవరు ఏ ఇన్నింగ్స్‌లో ఎన్నో బ్యాటర్‌గా వచ్చారో కూడికలతోనే మొత్తం బయటికి లాగొచ్చు.

ముందు ఎప్పుడూ వాడే తాళం చెప్తాను. ఏ జట్టుకైనా సరే, బ్యాటింగ్‌కి వచ్చినవాళ్ల సంఖ్య = అవుట్లు + రన్స్ + బేస్ మీద మిగిలిపోయినవాళ్లు. వచ్చిన ప్రతివాడూ ఈ మూడింటిలో ఎక్కడో ఒక చోట తేలాల్సిందే, నాలుగో దారి లేదు.

కబ్స్: 27 అవుట్లు, 0 రన్స్, మిగిలింది 0. వచ్చింది 27 మంది. తొమ్మిది మంది సరిగ్గా మూడు చుట్లు. అంటే 1, 4, 7 ఇన్నింగ్స్ మొదలుపెట్టింది ఒకటో బ్యాటరే. 2, 5, 8లో నాలుగో బ్యాటర్, 3, 6, 9లో ఏడో బ్యాటర్. ఆర్డర్ ఇదీ: డాన్ యంగ్, గ్లెన్ బెకర్ట్, బిల్లీ విలియమ్స్, రాన్ శాంటో, ఎర్నీ బ్యాంక్స్, బైరన్ బ్రౌన్, క్రగ్, డాన్ కెసింజర్, హెండ్లీ. కాబట్టి 8వ ఇన్నింగ్స్‌లో శాంటో, బ్యాంక్స్, బ్రౌన్ వచ్చారని ఎవరూ చెప్పక్కర్లేదు, షీటే చెప్తుంది. 9వ ఇన్నింగ్స్‌లో క్రగ్ తర్వాత కెసింజర్ స్థానంలో జో అమాల్ఫిటానో, హెండ్లీ స్థానంలో హార్వీ క్యూన్ పించ్ హిట్టర్లుగా వచ్చారు. 8, 9 ఇన్నింగ్స్‌లలో వచ్చిన ఆరుగురూ స్ట్రయికౌట్. పిల్లలకు ఈ మాట కూడా ఇవ్వండి, ఆరు గడులు నిండిపోతాయి.

ఇప్పుడు డాడ్జర్స్. ఇల్లు వాళ్లది, 1-0తో ముందున్నారు, కాబట్టి 9వ ఇన్నింగ్స్ కింది సగం ఆడలేదు. ఎనిమిది ఇన్నింగ్స్, 24 అవుట్లు. రన్ 1. మిగిలిపోయింది 1, డబుల్ కొట్టి సెకండ్ మీదే నిలబడ్డ జాన్సన్. మొత్తం 26 మంది. మీకు వచ్చిన 26 తప్పు కాదు, కాకపోతే దాన్ని వేరే కాలమ్‌లో రాశారు. అది బ్యాటింగ్‌కి వచ్చిన సంఖ్య. ఎట్-బ్యాట్‌లు కావాలంటే దాంట్లోంచి వాక్, శాక్రిఫైస్ బంట్ (రన్నర్‌ని జరపడానికి తాను అవుటయ్యే బంట్) తీసెయ్యాలి. 26 లోంచి జాన్సన్ వాక్ 1, ఫెయిర్లీ బంట్ 1 పోతే 24.

26 మందిని తొమ్మిది చొప్పున పేర్చండి. రెండు చుట్లకు 18, మూడో చుట్టులో ఎనిమిది మంది. తొమ్మిదోవాడు కోఫాక్స్. అందుకే అతనికి రెండే. అప్పట్లో పిచ్చర్ బదులు బ్యాటింగ్ చేసే డెజిగ్నేటెడ్ హిట్టర్ ఉండేవాడు కాదు. అమెరికన్ లీగ్‌లో ఆ పద్ధతి 1973లో వచ్చింది. పైగా ఈ రెండు జట్లూ నేషనల్ లీగ్‌వి.

వ్యక్తుల ఎట్-బ్యాట్‌లు వరసగా: మోరీ విల్స్ 3, జిమ్ గిలియమ్ 3, విల్లీ డేవిస్ 3, జాన్సన్ 2, ఫెయిర్లీ 2, జిమ్ లెఫీవర్ 3, వెస్ పార్కర్ 3, జెఫ్ టోర్‌బర్గ్ 3, కోఫాక్స్ 2. కూడి చూసుకోండి.

ఇక్కడే ఒక మంచి ముడి ఉంది. జాన్సన్ డబుల్ ఎన్ని అవుట్ల తర్వాత పడింది? మీ సారాంశంలో లేదు, అయినా తేల్చొచ్చు. హెండ్లీ మొదటి నాలుగు ఇన్నింగ్స్‌లలో ఎవర్నీ బేస్ ఎక్కనివ్వలేదు. 12 మంది వచ్చారు, 12 మంది పోయారు. 12వ వాడు డేవిస్. కనుక 5వ ఇన్నింగ్స్ మొదటివాడు జాన్సన్. అతను, ఫెయిర్లీ, లెఫీవర్, పార్కర్... నలుగురితో ఆ ఇన్నింగ్స్ సరి. 6వ ఇన్నింగ్స్ టోర్‌బర్గ్, కోఫాక్స్, విల్స్. 7వది గిలియమ్, డేవిస్, ఆ తర్వాత జాన్సన్. ముందు ఇద్దరూ బేస్ ఎక్కలేదని తెలుసు కాబట్టి డబుల్ పడ్డప్పుడు రెండు అవుట్లు. మూడో అవుట్ ఫెయిర్లీ. 8వ ఇన్నింగ్స్ లెఫీవర్, పార్కర్, టోర్‌బర్గ్. 26వ వాడు టోర్‌బర్గ్ దగ్గర ఆగింది, లెక్క మూసుకుంది.

పిల్లలు ఇది వాళ్లంతట వాళ్లు తేలిస్తే ఇక షీటంటే భయం ఉండదు.

నాలుగో అంపైర్

ఎర్న్‌డ్ రన్ సంగతి నేను చెప్తాను. దీంట్లో క్రికెట్ అలవాటు అడ్డొస్తుంది. బౌలర్ లెక్కలో బై, లెగ్ బై పడవు, మిగతావి దాదాపు అన్నీ పడతాయి. ఇక్కడ పద్ధతి అది కాదు. బేస్ ఎలా ఎక్కాడన్నది ఒక్కటే చూడకూడదు, ఎర్రర్ జరగకపోయుంటే ఇన్నింగ్స్ ముగిసేలోగా ఆ రన్నర్ హోమ్‌కి వచ్చేవాడా అని చూడాలి. ఇన్నింగ్స్‌ని ఎర్రర్ లేకుండా మళ్లీ ఆడించి చూడటమన్నమాట.

ఆడించండి. వాక్, జాన్సన్ ఫస్ట్ మీద. బంట్, ఒక అవుట్, జాన్సన్ సెకండ్ మీద. దొంగతనం, థర్డ్ మీద. బంతి శాంటోకి అందకుండా పోవడం ఒక్కటే ఎర్రర్, దాన్ని తీసెయ్యండి. జాన్సన్ థర్డ్ మీద, ఒక అవుట్. ఆ తర్వాత ఆ ఇన్నింగ్స్‌లో హిట్ లేదు, ఇంకో వాక్ లేదు, ఇంకో ఎర్రర్ లేదు. ఇద్దరు వచ్చారు, ఇద్దరూ అవుట్. అతన్ని ఇంటికి తెచ్చేవాళ్లెవరు? అందుకే అన్ఎర్న్‌డ్. వాక్ ఇచ్చింది హెండ్లీయే, నిజం. కానీ వాక్ ఖరీదు ఒక బేస్, ఆఖరి 90 అడుగుల బిల్లు మాత్రం క్యాచర్ పేరు మీద.

ఒక జాగ్రత్త. థర్డ్ మీద రన్నర్, ఒక అవుట్ అన్న స్థితిలో తర్వాతి అవుట్ లోతైన ఫ్లై అయితే కథ మారుతుంది. ఆ ఫ్లైకి రన్నర్ ఎలాగూ వచ్చేవాడని స్కోరర్ అనుకుంటే ఎర్న్‌డ్ అవుతుంది. అనుమానం ఉంటే లాభం పిచ్చర్‌కే ఇవ్వాలి. అందుకే రన్ రాగానే ఎర్న్‌డ్, అన్ఎర్న్‌డ్ అని రాసేయకండి. మూడో అవుట్ పడేదాకా ఆ చోటు ఖాళీగా వదలాలి. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. పెన్నుతో రాస్తారు, తర్వాత కొట్టివేతలు.

ఇంకో రెండు ఖాళీలు కూడా చూసుకోండి. ఫెయిర్లీకి ఆర్‌బీఐ (తన బ్యాటింగ్‌తో తెచ్చిన రన్) లేదు, జాన్సన్‌కి లేదు, ఎవరికీ లేదు. ఎర్రర్ మీద వచ్చిన రన్ కాబట్టి. 1-0తో గెలిచిన మ్యాచ్, ఆర్‌బీఐ కాలమ్ మొత్తం సున్నా. పిల్లలు సున్నా చూసి ఏదో మర్చిపోయామని ఎవరో ఒకరికి 1 తగిలిస్తారు, ముందే హెచ్చరించండి. హెండ్లీ వరుస ఇలా రావాలి: 8 ఇన్నింగ్స్, 1 హిట్, 1 రన్, 0 ఎర్న్‌డ్, 1 వాక్, 3 స్ట్రయికౌట్లు. ఓటమి అతనిదే. ఓటమి రాయడానికి ఎర్న్‌డా కాదా అన్నది చూడరు.

గళ్లకాగితం

రెండూ అర్థమయ్యాయి, థాంక్స్. 12వ వాడు డేవిస్ అన్న దగ్గరే నాకు లైటు వెలిగింది. 24 కుదిరింది.

అయితే స్టోలెన్ బేస్ మీద ఇంకో సందేహం. త్రో గతి తప్పింది కాబట్టే కదా థర్డ్ దొరికింది? అలాంటప్పుడు దొంగతనం ఇవ్వాలా, లేక రెండు బేసులూ ఎర్రర్ మీదే రాయాలా? గడిలో రాసే పద్ధతి కూడా ఎవరూ చెప్పలేదు.

బర్కత్‌పురా బంటర్

రెండూ ఇయ్యాలె అన్నా. త్రో మంచిగ వచ్చినా రన్నర్ థర్డ్ అందుకునేటోడు అని స్కోరర్‌కు అనిపిస్తే థర్డ్ వరకు స్టోలెన్ బేస్. ఆడికెల్లి హోమ్ వరకు క్యాచర్ ఎర్రర్. జాన్సన్ లెక్కల ఒక దొంగతనం, క్రగ్ లెక్కల ఒక ఎర్రర్. క్యాచర్ దొంగతనం ఆపనీకి ఇసిరిన బాల్ అటు ఇటు పోయినా, రన్నర్ ఇంకో బేస్ ఎక్కువ పోకుంటె ఎర్రర్ రాయరు. గది యాది పెట్టుకోండ్రి. ఎక్కువ బేస్ దొరికితెనే ఎర్రర్.

ఇగ గడి సంగతి. కోఠిల దొరికే సెంటీమీటర్ గళ్ల గ్రాఫు పేపర్ ఎ4 సైజుది తీస్కోండ్రి, అడ్డంగ పెట్టుండ్రి. పేర్లకు 5 సెంటీమీటర్లు, తొమ్మిది ఇన్నింగ్స్‌లకు రెండేసి చొప్పున 18, ఆఖరుకు ఎట్-బ్యాట్, రన్, హిట్, ఆర్‌బీఐ, ఎర్రర్ కాలమ్‌లకు ఒక్కొక్కటి చొప్పున 5. మొత్తం 28. కాగితం ఎడల్పు 29.7, సరిపోతది. నిలువుల తొమ్మిది వరుసలకు రెండేసి చొప్పున 18, మీద ఇన్నింగ్స్ నంబర్లకు 1, కింద టోటల్‌కు 1. కాగితం ఎత్తు 21. ఒక్కో జట్టుకు ఒక్కో కాగితం.

2 సెంటీమీటర్ల గడి నడుమ డైమండ్ గీసుకుంటరు. కింది మూల హోమ్, కుడి మూల ఫస్ట్, మీద సెకండ్, ఎడమ థర్డ్. రన్నర్ ఎంత దూరం పోతే అంత గీత దిద్దాలె. ప్రతి గీత పక్కన ఎట్ల పోయిండో రాయాలె.

జాన్సన్ 5వ ఇన్నింగ్స్ గడి ఇట్ల వస్తది. హోమ్ నుంచి ఫస్ట్ గీత, పక్కన బీబీ, అంటె వాక్. ఫస్ట్ నుంచి సెకండ్ గీత, పక్కన 5. ఎందుకంటె ఐదో బ్యాటర్ ఫెయిర్లీ ఆడినప్పుడు పోయిండు. సెకండ్ నుంచి థర్డ్ గీత, పక్కన ఎస్‌బీ, అంటె స్టోలెన్ బేస్, దాని కింద సన్నగ 6, అంటె ఆరో బ్యాటర్ లెఫీవర్ నిలబడి ఉండంగ జరిగింది. థర్డ్ నుంచి హోమ్ గీత, పక్కన ఈ2. ఈ అంటె ఎర్రర్, 2 అంటె క్యాచర్ స్థానం నంబర్. డైమండ్ లోపల మొత్తం నలుపు నింపితె ఎర్న్‌డ్, చుక్క పెట్టి ఇడిసిపెడితె అన్ఎర్న్‌డ్. ఇది ఒక్కొక్కరు ఒక్కొక్క తీరు చేస్తరు, మీ క్లాసుల ఒక్కటే తీరు పెట్టుండ్రి.

ఎక్కువ మంది చేసే గలత్ ఏందంటె, ఎస్‌బీ తీస్కపోయి లెఫీవర్ గడిల రాస్తరు. ఆయన బ్యాట్ పట్టుకొని నిలబడ్డడు అంతె. ఉరికింది జాన్సన్, జాన్సన్ గడిలనే రాయాలె.

ఫెయిర్లీ గడిల ఎస్‌హెచ్ (శాక్రిఫైస్ బంట్) అని రాసి, దాని కింద ఎవరు తీసి ఎవరికి ఇసిరిండ్రో నంబర్లు. బంట్ తీసింది పిచ్చర్ హెండ్లీ, గందుకె మొదటి అంకె 1. ఫస్ట్ బేస్ మీద పట్టింది ఫస్ట్ బేస్‌మ్యాన్ అయితె 1-3, బంట్ కోసం ఆయన ముందుకు ఉరికొచ్చి సెకండ్ బేస్‌మ్యాన్ వచ్చి పడితె 1-4. రెండో అంకెకు ఇచ్చిన సారాంశంల ఆధారం లేదు, పిల్లలు ఖాళీ పెట్టినా మార్కులు కొయ్యకుండ్రి. పక్కన చిన్న సున్న చుట్టి లోపల 1, అంటె మొదటి అవుట్.

స్ట్రయికౌట్‌కు కె. బ్యాట్ ఊపకుంట చూసుకుంట అవుట్ అయితె కె ని తిరగేసి రాస్తరు. 9వ ఇన్నింగ్స్ ముగ్గురూ ఊపే అవుట్ అయిండ్రు, మూడూ సీదా కె.

ఎత్తుదిబ్బ

స్కోరింగ్ విషయం తేలిపోయింది కాబట్టి, పిల్లలు కచ్చితంగా అడగబోయే ప్రశ్నకు జవాబు ముందే పెట్టుకోండి. ఇన్ని తక్కువ పరుగులు ఎలా?

కోఫాక్స్ గొప్పవాడు, అంతే అని వదిలేస్తే అన్యాయం. ఆ ఏడాది అతను 26 గెలిచి 8 ఓడాడు, 382 స్ట్రయికౌట్లు, ఎర్న్‌డ్ రన్ సగటు 2.04. గొప్పవాడే. కానీ ఎదుటివైపు హెండ్లీ కూడా ఒక్క హిట్టే ఇచ్చాడు కదా. కాలం కూడా పిచ్చర్లదే.

1963లో స్ట్రయిక్ జోన్‌ని (బంతి అందులోంచి పోతే స్ట్రయిక్) పెంచారు, భుజాల పై అంచు నుంచి మోకాళ్ల కింది అంచు దాకా. 1968 దాకా అదే. పిచ్చర్ నిలబడే మట్టిదిబ్బ 15 అంగుళాల ఎత్తు ఉండేది, అంటే 38 సెంటీమీటర్లు. పై నుంచి వచ్చే బంతి నిటారుగా దిగుతుంది, బ్యాట్ తిరిగే దారిలో అది ఉండే సమయం తగ్గిపోతుంది. కోఫాక్స్ చెయ్యి దాదాపు తల మీదుగా వేసే ఎడమచేతి పిచ్చర్, అతని కర్వ్ (వంపు తిరిగే బంతి) పక్కకు జరగడం కన్నా నిట్టనిలువునా కిందికి పడుతుంది. అలాంటి బంతికి ఎత్తైన దిబ్బ ఎంత లాభమో చెప్పనక్కర్లేదు. 1968 నాటికి జట్టు సగటు మ్యాచ్‌కి 3.42 పరుగులకు పడిపోయింది. పిచ్చర్ బాబ్ గిబ్సన్ ఎర్న్‌డ్ రన్ సగటు 1.12. అమెరికన్ లీగ్ బ్యాటింగ్ ఛాంపియన్ కార్ల్ యస్ట్రెంస్కీ సగటు .301 మాత్రమే. అప్పుడు కంగారుపడి 1969లో దిబ్బని 10 అంగుళాలకు దించారు, జోన్ కుదించారు.

డాడ్జర్స్ బ్యాటింగ్ కూడా అంతంతమాత్రమే. 1965లో జట్టు మొత్తం కొట్టిన హోమ్ రన్లు 78. అయినా ఆ ఏడు 97 మ్యాచ్‌లు గెలిచి, వరల్డ్ సిరీస్‌లో మిన్నెసోటా ట్విన్స్‌ని 4-3తో ఓడించారు. ఎలా? మీ 5వ ఇన్నింగ్స్ ఎలా జరిగిందో అలాగే. వాక్, బంట్, దొంగతనం, ఎదుటివాడి తప్పు. విల్స్ ఒక్కడే ఆ సీజన్‌లో 94 బేసులు దొంగిలించాడు. అందుకని ఆ రన్‌ని అదృష్టం కింద జమకట్టకండి. బేస్ మీద మనిషి కదిలితే క్యాచర్ తొందరపడి విసరాలి, తొందరపడ్డ త్రోలలో కొన్ని పోతాయి. ఆ జట్టు వ్యాపారమే అది.

పిచ్‌ల లెక్క కూడా ఇస్తే బాగుంటుంది. కోఫాక్స్ 113 వేశాడు, అందులో 79 స్ట్రయిక్‌లు. బ్యాటర్‌కి నాలుగు పైచిలుకు. మ్యాచ్ గంటా 43 నిమిషాల్లో అయిపోయింది. మన టీ20లో ఇన్నింగ్స్ ఒకటి ముగిసి బ్రేక్ ఇచ్చే వేళకి వీళ్లు ఇంటిదారి పట్టారు.

చివరి బ్యాటర్ క్యూన్ గురించి ఒక మాట. 1963లో జెయింట్స్ మీద కోఫాక్స్ వేసిన నో-హిట్టర్‌లో (ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచ్) కూడా ఆఖరి అవుట్ ఇతనే. పాపం. ఆ అవుట్ లాస్ ఏంజెలెస్‌లో రాత్రి 9 గంటల 46 నిమిషాలకు పడింది. మన గడియారంలో అది 10వ తేదీ శుక్రవారం పొద్దున 10:16.

పాత లెడ్జర్

అందరూ బాగానే చెప్పారు, ఒక చిన్న జాగ్రత్త. దీన్ని అత్యల్ప స్కోరు మ్యాచ్ అని పిల్లలకు చెప్పకండి. 1-0లు కొల్లలు. దీని ప్రత్యేకత స్కోరు కాదు. తొమ్మిది ఇన్నింగ్స్ మ్యాచ్‌లో రెండు జట్లకూ కలిపి ఒకే హిట్. బేస్ మీద కాలు పెట్టిన మనిషి కూడా ఒక్కడే. రెండుసార్లూ జాన్సనే.

దీని పక్కన పెట్టదగ్గవి మూడు నాలుగున్నాయి. 1917 మే 2న షికాగోలో ఫ్రెడ్ టోనీ, హిప్పో వాన్ ఇద్దరూ తొమ్మిది ఇన్నింగ్స్ దాకా ఒక్క హిట్ ఇవ్వలేదు, 10వ దాంట్లో సిన్సినాటి రెడ్స్ 1-0తో గెలిచింది. 1920 మే 1న బోస్టన్‌లో బ్రూక్లిన్‌తో 26 ఇన్నింగ్స్ ఆడి 1-1 దగ్గర చీకటి పడి ఆపేశారు. లియాన్ కడోర్, జో ఓష్గర్ ఇద్దరూ మొదటి నుంచి చివరిదాకా వాళ్లే వేశారు. 1963 జులై 2న హువాన్ మారిచాల్, వారెన్ స్పాన్ 16వ ఇన్నింగ్స్ దాకా లాగారు, విల్లీ మేస్ హోమ్ రన్‌తో 1-0. 1959లో హార్వీ హాడిక్స్ 12 ఇన్నింగ్స్ పర్‌ఫెక్ట్‌గా వేసి 13వ దాంట్లో ఓడాడు.

కానీ అభ్యాసానికి వీటిలో ఏదీ పనికిరాదు. 26 ఇన్నింగ్స్‌కి బంటర్ గారి గ్రాఫు పేపర్లు మూడు అతికించాలి. 1965దే సరైనది, ఇన్నింగ్స్ తొమ్మిది, కాగితాలు రెండు.

ఒక పరీక్ష మీరెవరూ చెప్పలేదు, పుటౌట్‌లది, అంటే ఏ అవుట్ ఏ ఫీల్డర్ పేరు మీద పడిందన్నది. డాడ్జర్స్ ఫీల్డర్ల పుటౌట్‌లు కూడితే 27 రావాలి, కబ్స్‌వి 24. స్ట్రయికౌట్ పుటౌట్ క్యాచర్‌కి వెళ్తుంది. కాబట్టి టోర్‌బర్గ్ పేరు మీద 14 కంటే తక్కువ ఉంటే ఎక్కడో కె ఎగిరిపోయింది. క్రగ్ పేరు మీద 3 కంటే తక్కువ ఉంటే కూడా అంతే. పిల్లలు స్ట్రయికౌట్ పుటౌట్‌ని పిచ్చర్‌కి రాసేస్తారు, క్రికెట్‌లో బౌల్డ్ అలవాటు.

డాడ్జర్స్ షీటులో ఇంకో ఉచ్చు ఉంది. చివర్లో ఫీల్డింగ్ గట్టిపరచడానికి థర్డ్‌లో జాన్ కెన్నెడీ, సెకండ్‌లో డిక్ ట్రసెవ్‌స్కీ వచ్చారు. ఇద్దరికీ బ్యాటింగ్ రాలేదు. వాళ్ల పేర్లు గిలియమ్, లెఫీవర్ వరుసల్లోనే కింద సన్నగా రాయాలి, ఎట్-బ్యాట్ 0. కొత్త వరుస గీస్తే బ్యాటింగ్ ఆర్డర్ పదకొండు మంది అయిపోతుంది, షార్ట్‌స్టాప్ గారి తాళం పనిచెయ్యదు.

గళ్లకాగితం

కెన్నెడీ, ట్రసెవ్‌స్కీలను నేను నిజంగానే కొత్త వరుసల్లో పెట్టాను. అమాల్ఫిటానో, క్యూన్‌లను కూడా. మొదట్లో కబ్స్ లెక్క కూడా తప్పడానికి కారణం అదేనన్నమాట. ఇప్పుడు కెసింజర్ వరుసలో 9వ గడికి ముందు నిలువు గీత గీసి పక్కన అమాల్ఫిటానో పేరు రాశాను, హెండ్లీ వరుసలో క్యూన్. సరేనా?

హెండ్లీ తొమ్మిదోవాడు, అతని బదులు క్యూన్ వచ్చాడు కాబట్టి ఇంకా మ్యాచ్ సాగి ఉంటే 9వ కింది సగంలో కొత్త పిచ్చర్ రావాల్సి వచ్చేదా?

సికింద్రాబాద్ షార్ట్‌స్టాప్

సరే. నిలువు గీత గడి ఎడమ అంచు మీదే గీయండి, నడుమ గీస్తే ఆ గడిలో మధ్యలో మారినట్టు అర్థం వస్తుంది.

కొత్త పిచ్చర్ రావాల్సిందే. పించ్ హిట్టర్ వచ్చాక ఆ స్థానంలోని పాతవాడు మళ్లీ ఆడకూడదు. సాఫ్ట్‌బాల్‌లో మొదటి తొమ్మిది మందిలో ఉన్నవాడు బయటికెళ్లి ఒకసారి తిరిగి రావచ్చు కదా, అది ఇక్కడ లేదు. పిల్లలు సాఫ్ట్‌బాల్ వాళ్లు కాబట్టి ఈ తేడా ముందే చెప్పండి, లేకపోతే షీటులో హెండ్లీని మళ్లీ దింపుతారు.

రెండో అభ్యాసం కావాలంటే సెప్టెంబర్ 14 తీసుకోండి. అయిదు రోజుల తర్వాత కబ్స్ మైదానం రిగ్లీ ఫీల్డ్‌లో మళ్లీ ఇదే కోఫాక్స్, ఇదే హెండ్లీ. ఈసారి కబ్స్ 2-1. విలియమ్స్ రెండు పరుగుల హోమ్ రన్. ఇంటి జట్టు ముందుంది కాబట్టి మళ్లీ 9వ కింది సగం ఉండదు, కానీ ఈసారి ఖాళీ గడులు ఉండేది కబ్స్ కాగితం మీద. మొదటి షీటు చూసి కాపీ కొట్టినవాళ్లు అక్కడ దొరికిపోతారు.